మానుకున్నవారు ముగ్గురు

శుక్రవారం

మా ఇంట్లో నా మాటను అందరికంటే ముందు నమ్మే అత్తయ్యకు,

నమస్కారం. మీ అమ్మాయి, మన పిచ్చుక, బాగానే ఉంది. ముందు ఆ మాట రాయాలి, లేకపోతే కవరు చూడగానే మీ గుండె జారిపోతుంది. నిన్న మళ్ళీ రక్తపరీక్ష చేయించాం. కాలేయం లెక్కలు సగానికి దిగాయి. కళ్ళలో పసుపు అంచుల్లో మాత్రమే మిగిలింది. దురద తగ్గింది, నాలుగు ముద్దలు తింటోంది. ఇది రాస్తున్నప్పుడు పక్క గదిలో కూర్చుని ఎవరి పిల్లదో స్కూలు యూనిఫాం కాలరు విప్పుతోంది. నెల రోజులు మిషను ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. "కుట్టొద్దన్నాడు, విప్పొద్దనలేదుగా" అని వాదిస్తోంది. మీ అమ్మాయి సంగతి మీకు తెలియనిదా.

ఫోన్లో చెప్పకుండా ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. ఫోన్లో అయితే మీ గొంతు వినాలి. మధ్యలో మీరు "ఆ" అన్నా నేను మిగతాది మింగేస్తాను. ఈమధ్య మింగడం నాకు బాగా అలవాటైంది.

ఆసుపత్రిలో పదకొండు రోజులు మీరు ఆ మంచం పక్కనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేసిన మనిషి. ఏ మాత్ర ఎవరికి పడదో చీటీ చూడకుండా చెప్పగలరు. అలాంటి మీరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీకు అంతా తెలిసిపోయిందనీ, కూతురు లేచేదాకా కాచుకుని ఉన్నారనీ అనుకున్నాను. మీరు నీళ్ళ సీసా అందిస్తే తాగకుండా కింద పెట్టేశాను. ఆ ప్రశ్న మీరు వేయకపోయినా జవాబు రాస్తున్నాను.

చేర్పించిన రోజు డాక్టరు నన్ను అడిగాడు: "ఇంట్లో ఏవైనా మూలికలు, పొడులు, బలానికని మందులు, అలాంటివేమైనా వాడుతోందా?" నేను "లేదండీ, ఇంట్లో వండిందే తింటుంది" అన్నాను. రెండో రోజు మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను. మూడో రోజు పొద్దున నన్ను వరండాలోకి పిలిచి, "రక్తం గడ్డకట్టే తీరు బాగాలేదు. ఇలాగే దిగజారితే కాలేయం మార్చే సంగతి ఆలోచించాలి. మనసులో పెట్టుకోండి" అన్నాడు. అప్పుడు ఇంటికి పరుగెత్తి, వంటింటి అరలోంచి మా కంపెనీ సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన సీసా తిప్పి చూశాడు. నన్ను చూశాడు. "రెండు రోజులు," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ సీసా సంగతి. నేను ఆ కంపెనీలో చేరిందే మీ కుటుంబం వల్ల. మీ అమ్మగారు, మీ చెల్లెలు పేగు కేన్సర్‌తోనే పోయారు. మీకు ఏటా గొట్టం వేసి చూస్తే ఒకటో రెండో బుడిపెలు దొరుకుతాయి, తీసేస్తారు. పిచ్చుకకూ అదే వారసత్వం వచ్చిందని పరీక్షలో తేలింది. జబ్బు రాకముందే ఆపడానికి రోజుకో చిన్న ఆస్పిరిన్, ఏటేటా పరీక్ష అని డాక్టరు రాశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ఉద్యోగం దొరికింది. టీ ఆకు సారం, పసుపు సారం చిక్కబరిచి క్యాప్సూళ్ళలో నింపుతారు. కేన్సర్ రాకుండా కాపాడతాయా లేదా అని మనుషుల మీద పరీక్ష పెడతారు, ఆ పరీక్ష లెక్కలు నేను చూడాలి. నా పెళ్ళాం కోసమే ఈ పని పుట్టిందని సంబరపడ్డాను. ఆకుల్లో, వేళ్ళలో ఏదో ఉందన్న మాట అబద్ధం కాదు అత్తయ్యా. అది కాస్త నిజం కాబట్టే మిగతా అబద్ధం దానికి అంత బాగా అతుక్కుంది.

మొదట్లో గాజు గిన్నెల్లో కేన్సర్ కణాలు పెంచి, వాటి మీద ఈ సారం పోశారు. కణాలు చచ్చాయి. కరపత్రం వేసేశారు. గిన్నెలో ఉప్పు పోసినా చస్తాయని నాకు తెలుసు, పోసినవాళ్ళకీ తెలుసు. తర్వాత కంపెనీ మనుషులు, వాళ్ళ చుట్టాలు కలిపి నలభై నాలుగు మందికి మూడు నెలలు క్యాప్సూళ్ళు ఇచ్చి రక్తం తీశారు. మూడు నెలల్లో ఎవరికి కేన్సర్ ఆగిందో దేవుడికి కూడా తెలియదు. తెలిసింది ఒకటే. ముగ్గురికి కాలేయం లెక్కలు ఉండాల్సినదానికి నాలుగైదు రెట్లు పెరిగాయి. ఆ ముగ్గురిలో ఒకామె మా ప్యాకింగ్ గదిలో సీసాలకు మూతలు బిగిస్తుంది. అందరూ మూతలక్క అంటారు. మిగతా ఇద్దరూ వాంతులై వాళ్ళంతట వాళ్ళే మానేశారు. మూతలక్క మానలేదు.

ఆ కాగితం పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళాను. ఆయన భోంచేసి, కాగితాలకు పెట్టే పిన్ను ఒకటి సాగదీసి దాంతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"సార్, ముగ్గురికి తేడాగా ఉంది."

"మానేశారుగా?"

"ఇద్దరు మానేశారు సార్. మూడో ఆవిడ ఇంకా—"

"ముగ్గురూ మానేసినట్టే అనుకో. మధ్యలో మానుకున్నవాళ్ళని లెక్కలో పెట్టరు కదా? రూలే కదా అది?" పిన్ను కొసకు తగిలింది ఏదో చూసుకుని, బల్ల అంచుకు రాశాడు. "ఇంట్లో కూరలో వేసుకునే పసుపయ్యా. తాగే టీ. దానికి ఇంత భయమా నీకు?"

ఆ పిన్ను చూసి మొహం తిప్పుకున్నాను. ఆ మాటకు తిప్పుకోలేదు. అసహ్యం ఎక్కడ పుట్టాలో అక్కడ పుట్టలేదు నాకు. నా బల్ల దగ్గరికి వచ్చి ఆ మూడు వరుసలు తీసి, కింద చిన్న అక్షరాల్లో ‘సొంత కారణాలతో మానుకున్నవారు: ముగ్గురు’ అని రాశాను. పట్టిక ఎంత శుభ్రంగా వచ్చిందనుకున్నారు! కరపత్రం మీద ‘కాలేయంపై ఎటువంటి దుష్ప్రభావమూ కనిపించలేదు’ అని పచ్చని అక్షరాల్లో వేశారు. అమ్మకాల మీటింగులో అది తెర మీద వస్తే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా అందరి గోళ్ళ సందుల్లో ఆ పసుపు పొడి ఉంటుంది, ఎంత తోమినా పోదు. చప్పట్లు కొడుతున్న ఆ పచ్చ గోళ్ళ చేతులు చూస్తూ, ఇవన్నీ ఒకే మనిషివేమో అనిపించింది.

నెలనెలా ఉద్యోగులకు రెండు సీసాలు ఊరికే ఇస్తారు. తెచ్చి అరలో పెట్టేవాణ్ణి. పిచ్చుకను వేసుకోమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఒకరోజు పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుంటే వంటింట్లో ఆమె తల వెనక్కి వంచి ఏదో మింగి నీళ్ళు తాగింది. మూత బిగించిన చప్పుడు విన్నాను. ఏ సీసా మూతో నాకు తెలుసు, చప్పుడు బట్టి తెలుసు. లేసు కట్టుకున్నాను. ‘నలభై నాలుగు మందిలో ముగ్గురే కదా, ఈమె నాలుగోది ఎందుకవుతుంది’ అని లెక్క వేసుకున్నాను. ‘వెళ్ళొస్తా’ అని చెప్పి వెళ్ళాను. అలా తొమ్మిది వారాలు వెళ్ళొచ్చాను.

సీసా చూపించి అడిగితే ఆమె డాక్టరుతో "నా అంతట నేనే మొదలుపెట్టానండీ, మా ఆయనకు తెలీదు" అంది. నన్ను కాపాడడానికే ఆ అబద్ధం ఆడిందని నేను అక్కడే నిలబడి విన్నాను. నాకు తెలుసు అని చెప్పలేదు.

అద్దంలో మొహం చూసుకుంటే వాంతి వస్తోంది అత్తయ్యా. గడ్డం కూడా అద్దం లేకుండానే గీసుకుంటున్నాను, మూడు చోట్ల తెగింది. ఆ ముగ్గురి రక్తపరీక్ష చీటీల అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో మీరు చెప్పండి. చించెయ్యమంటే చించేస్తాను. కూతుర్ని తీసుకుపోతానంటే సామాను నేనే సర్ది ఇస్తాను. మీరు ఏమన్నా అనకముందే మీ పక్షాన నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఇక ఆ పేరుకు తగనివాడైన
మీ అల్లుడు

●

బుధవారం

అల్లుడికి,

ఇన్నేళ్ళూ ‘అల్లుడు గారికి’ అనే రాశాను, ‘మీరు’ అనే పిలిచాను. ఈ ఉత్తరానికి ఆ గారు రావడం లేదు. కోపంతో కాదు. ఒకే బురదలో దిగబడ్డవాళ్ళ మధ్య మర్యాదలేమిటి?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నిన్ను చెప్పుతో కొట్టాలనిపించింది. రెండోసారి ఆ చెప్పు ఎవరికి పడాలో అర్థమైంది.

నేనెందుకు నిన్నేమీ అడగలేదో విను. నిన్ను అడిగితే నువ్వు తిరిగి నన్ను అడుగుతావని. పిచ్చుకకు ఆ క్యాప్సూళ్ళు వేసుకోమన్నది నేను.

మూడు నెలల కిందట నాకు ఆస్పిరిన్‌తో కడుపులో పుండు పడి నల్లటి విరేచనం అయింది, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను కదా. పిచ్చుకకూ ఆ మాత్రతో ఇలాగే అవుతుందని బెంగ పట్టుకుంది. డాక్టరు చెప్పాడు, దాని వయసు వేరు, కడుపు వేరు, కాపాడే మందు కూడా ఇస్తున్నాం అని. విన్నట్టు తల ఊపాను. అదే నెలలో మీ ఇంటికి వచ్చినప్పుడు బల్ల మీద మీ కరపత్రం కనబడింది. పట్టిక కింద లెక్కలు చూసినవాడని నీ పేరు. మా అల్లుడు కూడిన లెక్క తప్పదనుకున్నాను. కౌంటరులో ఎవరైనా ఇలాంటి రంగు కాగితం తెచ్చి చూపిస్తే "ముందు డాక్టరుకు చూపించి రా అమ్మా" అని ముప్పై ఏళ్ళు చెప్పినదాన్ని. నా కూతురికి మాత్రం చెప్పలేదు.

"ఆ మాత్ర ఆపెయ్యవే, కడుపు పాడవుతుంది. మీ ఆయన తెచ్చేవి రోజుకు రెండు వేసుకో" అన్నాను. సీసా మీద భోజనం తర్వాత ఒకటి అనే ఉంది. "పరగడుపునే వేసుకో, ఒంటికి బాగా పడుతుంది" అన్నాను. పరగడుపున వేసుకుంటే ఒంట్లోకి ఎక్కువ పోతుందని నాకు తెలుసు నాయనా. మేలు ఎక్కువ పోతుందనుకున్నాను. విషమైతే అదీ ఎక్కువే పోతుందన్న రెండో ముక్క, నేను కొన్ని వేల మందికి చెప్పిన ముక్క, ఆ రోజు నా నోటికి రాలేదు. "మీ ఆయనకి చెప్పకు, పోయి డాక్టర్ని అడుగుతాడు, ఆయన తిడతాడు" అని కూడా అన్నాను.

సీసా బయటపడ్డాక డాక్టరు నన్నూ అడిగాడు. నిన్ను ముందే అడిగాడు కదా. "నాకు తెలీదు బాబూ, నేను వేరే ఊళ్ళో ఉంటాను" అన్నాను. పిచ్చుక మంచం మీద నుంచి నా మొహం చూసి, "నా అంతట నేనే మొదలుపెట్టానండీ" అంది. అది కాపాడింది నిన్ను కాదు, నన్ను. ఆ పదకొండు రోజులూ దాని దురదకు వీపు రుద్దుతూ కూర్చున్నాను. పచ్చబడ్డ చర్మం నా అరచేతుల కింద ఉంది. జనం మెచ్చుకున్నారు, తల్లంటే ఇలా ఉండాలని. ఒక నర్సు నాకు టీ తెచ్చిపెట్టింది. తాగాను కూడా. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

నీ యజమాని ‘కూరలో పసుపే కదా’ అన్నాడట. ఆస్పిరిన్‌కు మూలం కూడా ఒక చెట్టు బెరడే. బెరడు నమిలే రోజుల నుంచి ఆ చిన్న మాత్ర దాకా రావడానికి ఎంతోమందికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఎవరికి పనిచేసిందో రాశారు, ఎవరికి పడలేదో అదీ రాశారు. పడనివాళ్ళను రాశారు కాబట్టే నాకు పుండు పడ్డప్పుడు డాక్టరు నిమిషంలో కనిపెట్టాడు. నువ్వు తీసేసింది మూడు వరుసలు కాదురా, నా కూతురి డాక్టరుకు అందాల్సిన కబురు.

చీటీలు చించమని చెబుతాననుకున్నావా? సామాను సర్దుతాననడం కూడా నీకు నువ్వు వేసుకునే శిక్షే, దాంతో మూతలక్క కాలేయానికి ఒరిగేదేమీ లేదు. ఆమెను మానమని ఎవరైనా చెప్పారా? నీ ఉత్తరమంతా వెతికాను, ఆ మాట లేదు. ముందు ఆ పని చెయ్యి. తర్వాత మందుల తనిఖీ ఆఫీసుకు వెళ్ళు. పిచ్చుకకు మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పకు. కాస్త కోలుకోనీ. నేను వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం.

నీకంటే ఏ విధంగానూ మెరుగు కాని
అత్తయ్య

●

సోమవారం

అమ్మకు, మా ఆయనకు, ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం,

ఇది రెండు కాగితాల మీద రాశాను. ఒకటి పోస్టులో అమ్మకు, ఒకటి, అమ్మ రాసిన ఉత్తరంతో కలిపి, మా ఆయన భోజనం డబ్బా కింద. మీకు ఉత్తరాలంటే ఇష్టమని తెలిసింది కాబట్టి.

శనివారం పోస్టు వచ్చినప్పుడు నేనే తీసుకున్నాను. కవరు మీద అమ్మ చేతిరాత చూసి, ఇంకెవరికి రాస్తుందని చింపేశాను. అంతా చదివాక పైన ఎవరి పేరుందో చూశాను. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, "ఆయన రాసింది చదువు" అన్నాను. అమ్మ మొత్తం చదివింది. ఏడవకుండా, మందుచీటీ చదివినట్టు చదివింది. "ఏమంటావే?" అంది. ఏమీ అనకుండా పెట్టేశాను. ఇప్పుడు అంటున్నాను.

పాడైంది నా కాలేయం. దాని గురించి మీరిద్దరూ పేజీలకు పేజీలు రాసుకున్నారు. ఒకరికొకరు తప్పులు ఒప్పుకున్నారు, తిట్టుకున్నారు, ఓదార్చుకున్నారు. నాకు ఎవరూ ఒక చీటీ ముక్క కూడా రాయలేదు. గోడ అవతల కూర్చుని కాలరు విప్పుతున్నానని మాత్రం రాశారు. కోలుకున్నాక చెబుదామట! కోలుకుంటున్నది ఎవరమ్మా, నేనా, మీరా?

ఆయన మూత చప్పుడు విన్నాడు. నేను లేసు చప్పుడు విన్నాను. చూశాడని నాకు తెలుసు. చూసి ఏమీ అనలేదంటే మంచి మందే అయి ఉంటుందనుకున్నాను. చెడ్డదైతే నా మొగుడు ఊరుకుంటాడా? ఆ నమ్మకంతోనే రెండోది కూడా మింగాను. ఆ మాట తలుచుకుంటే క్యాప్సూలు మళ్ళీ గొంతులోకి వస్తోంది, చేపల బుట్టలో నానబెట్టిన ఆకు వాసన. అమ్మ కోసం డాక్టరుతో అబద్ధమాడాను నిజమే. ఆ సంగతి కూడా మీ ఉత్తరాల్లో మీరిద్దరూ పంచుకున్నారు, ఎవరిని కాపాడానని. అది ప్రేమా పిరికితనమా అని నన్ను నేనే అడుక్కుంటున్నాను. సీసా బయటపడకముందు డాక్టరు అడిగితే నేనూ ఏమీ వేసుకోలేదన్నాను, ఆ రెండు రోజుల ఆలస్యంలో ఒక వాటా నాదే.

శనివారం మధ్యాహ్నం మూతలక్క ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి యూనిఫాం కుట్టేది నేనే, ఇల్లు తెలుసు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. "ఒళ్ళంతా నీరసంగా ఉంటోందమ్మా, అందుకే బలానికి ఇంకోటి ఎక్కువ వేసుకుంటున్నా" అంది. కిటికీ దగ్గరికి రమ్మన్నాను. వెలుతురులో కళ్ళు చూశాను. ఆ రంగు ఇప్పుడు నాకు ఎక్కడున్నా తెలిసిపోతుంది. "నెల నెలా వచ్చే రెండు సీసాల్లో ఒకటి మా అమ్మకిస్తున్నా, పెద్దావిడ కదా, రేపేమైనా వస్తుందేమోనని" అంది. ఏడుపు రాలేదు నాకు. ఆ గదిలోనే ఉమ్మెయ్యాలనిపించింది, ఎవరి మీదో తేలక ఊరుకున్నాను.

ఆమెనూ వాళ్ళమ్మనూ నా డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. తల్లికి ఏమీ లేదు, మొదలుపెట్టి పది రోజులే అయిందట. మూతలక్క లెక్కలు నావి మొదట ఉన్నంత ఉన్నాయి. ఇవాళ పొద్దునే చేర్చుకున్నారు. సమయానికి తెచ్చారని డాక్టరు అన్నాడు. ఆమె నన్ను అడిగింది, "నాకు పరీక్ష చేశారుగా అమ్మా, అంతా బాగుందనేగా చెప్పారు?" అని. బాగుందని ఎవరు చెప్పారని అడిగాను. "ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పలేదంటే బాగున్నట్టేగా" అంది. నేను కూడా అలాగే అనుకున్నానని ఆమెకు చెప్పలేకపోయాను.

అదే గదిలో నా సంగతీ అడిగాను. కాలేయం పూర్తిగా సర్దుకున్నాక మళ్ళీ ఆ చిన్న ఆస్పిరిన్, కడుపు కాపాడే మందుతో కలిపి. ఏటేటా పరీక్ష. "అయినా రాదని హామీ ఏమీ లేదమ్మా, వచ్చే అవకాశం తగ్గుతుంది, అంతే" అన్నాడు. ఇన్ని నెలల్లో నాతో ఎవరైనా చెప్పిన మొదటి శుభ్రమైన మాట అదే. వేసుకుంటాను. ఎవరూ వేసుకోమనక్కర్లేదు, వద్దనక్కర్లేదు.

ఇక మీ సంగతి. ఆయన సామాను సర్దుతానన్నాడు. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇది నేను కుట్టుకుని కట్టుకున్న ఇల్లు. క్షమించానని మాత్రం అడక్కండి. ఆయన నీళ్ళు తెచ్చిస్తే గ్లాసు అంచు కడుక్కుని తాగుతున్నాను, ఆయనా చూస్తున్నాడు. నిన్న అమ్మ ఫోన్ మోగితే నా చేతికి ఏదో జిడ్డు అంటినట్టయింది. ఇది పోతుందో పోదో తెలియదు. డాక్టరు నా రక్తానికి గడువు చెప్పాడు గానీ దీనికి చెప్పలేదు.

బీరువాలో ఆయన చొక్కాల కింద ఉన్న ఆ మూడు చీటీలు తీశాను. మందుల తనిఖీ ఆఫీసుకు కాగితం రాశాను. అందులో మూతలక్క వేలిముద్ర ఉంది, నా సంతకం ఉంది. ఇంకా రెండు చోట్లు ఖాళీగా ఉంచాను. ఒకటి వరుసలు తీసేసిన మనిషికి, ఒకటి పరగడుపున మింగమన్న మనిషికి. అమ్మా, నువ్వు శుక్రవారం పొద్దున బండికే దిగు. ఒకరికొకరు ఒప్పుకోవడం అయిపోయింది కదా, ఇప్పుడు సంబంధం లేని ఒక గుమాస్తా ముందు, పేరూ ఊరూ చెప్పి, గట్టిగా ఒప్పుకోండి. ఉద్యోగం పోతుంది, పోనీ. పరువు పోతుంది, పోనీ. మిషను నేను మళ్ళీ ఎక్కుతాను.

ఆ ఆఫీసు పది గంటలకు తెరుస్తారు. ఆ రోజు నేను తొమ్మిదిన్నర బస్సుకు వెళ్తున్నాను. మీరిద్దరూ రావాలి. ఒకే బస్సులోనే రండి, ఫరవాలేదు.

నా పక్కన మాత్రం కూర్చోకండి.

పిచ్చుక